వీఎంకి కనబడకూడని హార్డ్‌వేర్‌ని ఎక్కడ దాచాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సమస్య చుట్టూ తిరుగుతున్నాయి. వర్చువల్ మెషీన్‌లో నడపలేని పరికరమేదో కనబడుతోంది, దాన్ని మాయం చెయ్యడం ఎలా? పరికరాన్ని ఎవరు చూపిస్తున్నారో వాళ్ల దగ్గరే దాన్ని తీసెయ్యాలి. చూపించేది క్యూఈఎంయూ (వీఎంకి నకిలీ హార్డ్‌వేర్‌ని సృష్టించే ప్రోగ్రాం) అయితే వీఎం కాన్ఫిగరేషన్‌లో, అసలు కార్డు అయితే హోస్ట్ (వీఎంని నడిపే అసలు మెషీన్) డ్రైవర్ దగ్గర. గెస్ట్ (వీఎంలోని ఓఎస్) లోపల డిసేబుల్ నొక్కితే డ్రైవర్ పక్కకు తప్పుకుంటుందే తప్ప పరికరం ఎక్కడికీ పోదు. కమాండ్లూ ఫైలు పేర్లూ పలికే తీరులో తెలుగులోనే ఇస్తున్నాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి.

ప్రశ్న: మా ఆఫీసులో ప్రాక్స్‌మాక్స్ (వీఎంలను నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్) మీద విండోస్ 7 వీఎం ఒకటి ఉంది. పాత అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ దానిమీదే నడుస్తుంది కాబట్టి మార్చే వీలు లేదు. డివైస్ మేనేజర్‌లో ‘పీసీఐ డివైస్’ అనీ, ‘పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్’ అనీ రెండు పసుపు గుర్తులు. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే రీస్టార్ట్‌కల్లా మళ్లీ వచ్చేస్తున్నాయి. శాశ్వతంగా దాచడం ఎలా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు వాటి అసలు పేర్లు కనుక్కోండి. పసుపు గుర్తున్న వరుస మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్ ట్యాబ్, అక్కడి జాబితాలో హార్డ్‌వేర్ ఐడీస్. ‘వీఈఎన్’ పక్కన 1ఏఎఫ్4 అని ఉంటే అది వర్ట్‌ఐఓ పరికరం. అంటే క్యూఈఎంయూ సృష్టించింది, మదర్‌బోర్డు మీద అలాంటి చిప్ ఏదీ ఉండదు. ‘డీఈవీ’ పక్కన 1002 ఉంటే మెమరీ బెలూన్ (వీఎం ర్యామ్‌ని హోస్ట్ వెనక్కి తీసుకునే సాధనం). 1003 ఉంటే వర్ట్‌ఐఓ సీరియల్, గెస్ట్ ఏజెంట్ (విండోస్ లోపల నడిచే సహాయక ప్రోగ్రాం) హోస్ట్‌తో మాట్లాడే దారి అదే. మీ ‘పీసీఐ డివైస్’ మొదటిది, ‘సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్’ రెండోది. కొన్ని వీఎంలలో 1045, 1043 అని కనిపిస్తాయి. అవీ ఇవే, కొత్త తరం నంబర్లతో.

మళ్లీ మళ్లీ ఎందుకొస్తున్నాయంటే, విండోస్ బూట్ అయిన ప్రతిసారీ పీసీఐ బస్సులో (పరికరాలన్నీ కలిసే దారిలో) ఒక్కో చోటా ఎవరున్నారని అడుగుతుంది. క్యూఈఎంయూ ప్రతిసారీ ‘1ఏఎఫ్4, 1002’ అని బదులిస్తుంది. ఆ బదులు ఆగాలంటే వీఎం కాన్ఫిగరేషన్‌లోనే పరికరం ఉండకూడదు.

బెలూన్‌ని తీసెయ్యడానికి వీఎం హార్డ్‌వేర్ పేజీలో మెమరీ మీద డబుల్ క్లిక్ చేసి, అడ్వాన్స్‌డ్ టిక్ పెట్టి, ‘బెలూనింగ్ డివైస్’ టిక్ తియ్యండి. కమాండ్‌గా అయితే ‘క్యూఎం సెట్ 101 --బెలూన్ 0’ (101 బదులు మీ వీఎం నంబరు). సీరియల్ పోవాలంటే ఆప్షన్స్ పేజీలో క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్‌ని ఆపెయ్యాలి: ‘క్యూఎం సెట్ 101 --ఏజెంట్ 0’. ఆ తర్వాత విండోస్ లోపల రీస్టార్ట్ నొక్కితే చాలదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. రీస్టార్ట్ అయినా హోస్ట్‌లోని క్యూఈఎంయూ ప్రాసెస్ మాత్రం పాతదే నడుస్తూ ఉంటుంది, దాని చేతిలో పాత పరికరాల జాబితాయే ఉంటుంది. వీఎంని పూర్తిగా షట్‌డౌన్ చేసి, హోస్ట్ నుంచి స్టార్ట్ నొక్కాలి.

బెలూన్ తీసేస్తే పెద్దగా నష్టం లేదు. వీఎంకి కేటాయించిన ర్యామ్‌లోంచి హోస్ట్ మళ్లీ వెనక్కి తీసుకోలేదు, గెస్ట్ లోపల ఎంత వాడకంలో ఉందో హోస్ట్ గ్రాఫ్‌లో సరిగా కనబడదు, అంతే. సీరియల్ విషయంలో మాత్రం తొందరపడవద్దని మా సలహా. మీది అకౌంట్స్ డేటా. ఏజెంట్ ఉంటే బ్యాకప్ మొదలయ్యే క్షణంలో విండోస్‌కి కబురు వెళ్తుంది, అది డిస్కు మీద రాతలు సర్దుకుని ఒక్క క్షణం నిలుస్తుంది. ఏజెంట్ లేకపోతే ఆ బ్యాకప్, కరెంటు పోయిన కంప్యూటర్ డిస్కుతో సమానం. తెరుచుకుంటుంది, కానీ ఏ డేటాబేస్ ఫైలు మధ్యలో తెగిందో చెప్పలేం. అందుకే బెలూన్‌ని దాచండి, సీరియల్‌కి డ్రైవర్ వెయ్యండి. విండోస్ 7కి పనికొచ్చే చివరి వర్ట్‌ఐఓ-విన్ ఐఎస్‌ఓ వెర్షన్ 0.1.173. దాన్ని సీడీ డ్రైవ్‌గా తగిలించి, అప్‌డేట్ డ్రైవర్‌లో ఆ సీడీలోని ‘వయోసీరియల్’ ఫోల్డర్ చూపించండి. ఏజెంట్‌ని కూడా అదే సీడీ నుంచి ఇన్‌స్టాల్ చెయ్యాలి. డ్రైవర్ ఒక్కటే వేస్తే పసుపు గుర్తు పోతుంది గానీ బ్యాకప్‌కి ఉపయోగం ఉండదు.

ఇదే ఊపులో 1001, 1004 నంబర్లున్న వాటి జోలికి వెళ్లకండి. మొదటిది వర్ట్‌ఐఓ డిస్క్, రెండోది వర్ట్‌ఐఓ స్కజీ. సీ డ్రైవ్ వాటిమీద ఉంటే వాటిని మార్చిన మరుక్షణం 0ఎక్స్7బీ నీలి తెర వస్తుంది.

పరికరం పోయాక కూడా (విండోస్ 7లో అయితే ‘డెవ్‌ఎంజీఆర్_షో_నాన్‌ప్రెజెంట్_డివైసెస్=1’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టాక) డివైస్ మేనేజర్‌లో వ్యూ, షో హిడెన్ డివైసెస్ నొక్కితే ఆ పేర్లు మసకగా కనబడవచ్చు. అవి రిజిస్ట్రీలో మిగిలిన జ్ఞాపకాలు, ఒకసారి అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఇక రావు.

వర్ట్-మేనేజర్ వాడేవాళ్లకు ఒక మాట. దాని వెనకుండే లిబ్‌వర్ట్ ఎక్స్‌ఎంఎల్‌లో ‘మెమ్‌బెలూన్’ వరుసని చెరిపేస్తే, సేవ్ చేసేటప్పుడు లిబ్‌వర్ట్ దాన్ని మళ్లీ తనే చేరుస్తుంది. చెరపకండి, ఆ వరుసలో మోడల్ విలువని ‘నన్’ అని మార్చండి. యూఎస్‌బీ కంట్రోలర్ వద్దనుకున్నా ఇదే పద్ధతి.

ప్రశ్న: మా ల్యాబ్ సర్వర్‌లో ఇంటెల్ ఐ350 నాలుగు పోర్టుల కార్డు ఉంది. రెండు పోర్టులు హోస్ట్‌కి, రెండు పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ వీఎంకి ఇద్దామనుకున్నాం. పద్ధతి ప్రకారం వీఎఫ్‌ఐఓ (వీఎంకి ఇవ్వడానికి పరికరాన్ని పట్టి ఉంచే హోస్ట్ డ్రైవర్) కాన్ఫ్ ఫైల్లో ఐడీ రాసి రీబూట్ చేస్తే, నాలుగు పోర్టులూ హోస్ట్ నుంచి మాయమై సర్వర్‌లోకి లాగిన్ అవడమే కుదరలేదు. రెండింటినే దాచే దారి లేదా?
— సిస్టమ్స్ ల్యాబ్, వరంగల్

జవాబు: ఉంది. మీరు వాడిన పద్ధతి గ్రాఫిక్స్ కార్డుకి సరిపోతుంది, ఇలాంటి కార్డుకి కుదరదు. ‘ఐడీస్=8086:1521’ అని రాస్తే, ‘ఈ నంబరున్న ప్రతి పరికరాన్నీ వీఎఫ్‌ఐఓ పట్టుకో’ అని అర్థం. 8086 ఇంటెల్, 1521 ఐ350. మీ నాలుగు పోర్టులకూ నంబరు ఒకటే, కాబట్టి నాలుగూ పోయాయి. మదర్‌బోర్డు మీద కూడా ఐ350 ఉంటే అదీ పోయేది. కవల పిల్లల్లో ఒకరిని పిలవాలంటే ఇంటిపేరు చాలదు, ఇక్కడ చిరునామాతో పిలవాలి.

మానిటర్, కీబోర్డు తగిలించి సర్వర్ ముందు కూర్చోండి. పోయింది నెట్‌వర్కే, లోకల్ లాగిన్ పనిచేస్తుంది. ‘/ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి’ ఫోల్డర్‌లో మీరు రాసిన ఐడీస్ వరుస తీసేసి, ‘అప్‌డేట్-ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే ఆల్’ కొట్టి రీబూట్ చెయ్యండి. ఈ కమాండ్ మర్చిపోతే, ఫైలు మార్చినా బూట్ ఇమేజ్‌లో పాత కాపీయే ఉండి మళ్లీ అదే కథ.

ఇప్పుడు ‘ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే’ కొట్టండి. ఇలాంటి వరుసలు నాలుగు కనబడతాయి:

03:00.2 ఈథర్నెట్ కంట్రోలర్ [0200]: ఇంటెల్ కార్పొరేషన్ ఐ350 గిగాబిట్ నెట్‌వర్క్ కనెక్షన్ [8086:1521]
కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్: ఐజీబీ

03 బస్సు, 00 పరికరం, చుక్క తర్వాతి అంకె ఫంక్షన్. 0 నుంచి 3 వరకూ నాలుగు ఫంక్షన్లు, నాలుగు పోర్టులు. ఏ అంకె ఏ రంధ్రమో ఊహించుకోవద్దు. ‘ఈథ్‌టూల్ -పీ’ తర్వాత పోర్టు పేరు, 15 అని కొడితే ఆ పోర్టు లైటు 15 సెకన్లు మిణుకుమంటుంది. వెనక్కి వెళ్లి చూసి, స్టిక్కర్ అంటించండి.

వీఎంకి ఇవ్వబోయే రెండు పోర్టులు హోస్ట్‌లో ఏ బ్రిడ్జిలోనైనా ఉంటే ‘/ఈటీసీ/నెట్‌వర్క్/ఇంటర్‌ఫేసెస్’లో ముందే తీసెయ్యండి. తర్వాత డ్రైవర్‌సీటీఎల్ అనే చిన్న ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి,

డ్రైవర్‌సీటీఎల్ సెట్-ఓవర్‌రైడ్ 0000:03:00.2 వీఎఫ్‌ఐఓ-పీసీఐ

అని ఒకసారి, 03:00.3తో ఇంకోసారి కొట్టండి. ఐజీబీ డ్రైవర్ ఆ రెండు పోర్టులనే వదిలేస్తుంది. రీబూట్ తర్వాత కూడా ఈ మార్పు నిలుస్తుంది. ‘డ్రైవర్‌సీటీఎల్ లిస్ట్-ఓవర్‌రైడ్స్’తో సరిచూసుకోవచ్చు, వద్దనుకుంటే ‘అన్‌సెట్-ఓవర్‌రైడ్’. ఎల్‌ఎస్‌పీసీఐ మళ్లీ కొడితే ఆ రెండింటి కింద ‘డ్రైవర్ ఇన్ యూజ్: వీఎఫ్‌ఐఓ-పీసీఐ’ అని, మిగతా రెండింటి కింద ఐజీబీ అని ఉండాలి. ఐజీబీ డ్రైవర్ మొత్తాన్నీ బ్లాక్‌లిస్ట్ చెయ్యమని ఎవరైనా చెబితే వినకండి, గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు.

వీఎంకి తగిలించడం: ‘క్యూఎం సెట్ 102 --హోస్ట్‌పీసీఐ0 0000:03:00.2’, ‘--హోస్ట్‌పీసీఐ1 0000:03:00.3’. ఇక్కడ చుక్కా, దాని తర్వాతి అంకే ప్రాణం. ‘03:00’ అని వదిలేస్తే ప్రాక్స్‌మాక్స్ నాలుగు ఫంక్షన్లనీ కలిపి ఇచ్చేస్తుంది. పీఎఫ్‌సెన్స్‌లో అవి ఐజీబీ0, ఐజీబీ1 పేర్లతో వస్తాయి.

నిజానికి ప్రాక్స్‌మాక్స్ వీఎం స్టార్ట్ అయ్యే క్షణంలో తనంతట తనే పోర్టుని వీఎఫ్‌ఐఓకి మారుస్తుంది. లిబ్‌వర్ట్‌లో ‘మేనేజ్డ్=యెస్’ పెట్టినా అంతే. మరి డ్రైవర్‌సీటీఎల్ ఎందుకు? హోస్ట్ బూట్ అయ్యాక వీఎం లేచేదాకా ఉండే ఆ నిమిషం కోసం. బయటి ఇంటర్నెట్ తీగ తగిలి ఉన్న పోర్టు ఆ నిమిషంలో హోస్ట్ చేతిలో ఉండకూడదు. ఫైర్‌వాల్ వీఎంకి ఇచ్చే పోర్టుని మొదటి నుంచీ దాచి ఉంచడమే సరైన పని.

చిరునామాలతో ఒక ప్రమాదం ఉంది. రేపు కొత్త ఎన్‌వీఎంఈ డిస్కో, ఇంకో కార్డో పెడితే బస్సు నంబర్లు జరగవచ్చు. నిన్నటి 03 ఇవాళ 04 అవుతుంది, 03లోకి మీ డిస్క్ కంట్రోలర్ వచ్చి కూర్చోవచ్చు. అప్పుడు ఓవర్‌రైడ్ దాన్ని హోస్ట్ నుంచి లాగేస్తుంది. కాబట్టి పెట్టె మూత తెరిచే ముందు ఓవర్‌రైడ్‌లు తీసేసి, వీఎం ఆటోస్టార్ట్ ఆపి, కార్డు పెట్టాక ఎల్‌ఎస్‌పీసీఐ చూసి మళ్లీ పెట్టుకోండి. 2023లో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ 8 నుంచి డేటాసెంటర్ పేజీలో రిసోర్స్ మ్యాపింగ్స్ ఉన్నాయి. చిరునామాతో పాటు ఐడీని కూడా సరిపోల్చి, తేడా ఉంటే వీఎంని స్టార్ట్ చెయ్యనివ్వదు. వాడండి.

ప్రశ్న: గ్రాఫిక్స్ కార్డుని వీఎంకి ఇస్తుంటే ‘గ్రూప్ ఈజ్ నాట్ వయబుల్’ అని ఎర్రర్. కార్డు గ్రూపులోనే సాటా కంట్రోలర్ కూడా ఉంది. ఏసీఎస్ (పరికరాలు ఒకదాన్నొకటి నేరుగా తాకకుండా ఆపే పీసీఐ ఏర్పాటు) ఓవర్‌రైడ్ పెడితే విడిపోతాయంటున్నారు, పెట్టవచ్చా?
— ఎడిటింగ్ స్టూడియో, హైదరాబాద్

జవాబు: పరికరాలు ఏ మెమరీని తాకవచ్చో కాపలా కాసేది ఐఓఎంఎంయూ. ఐఓఎంఎంయూ గ్రూపు అంటే, ‘వీటిలో ఒకటి ఇంకొకదాని మెమరీని నేరుగా తాకదని మదర్‌బోర్డు హామీ ఇవ్వడం లేదు’ అని కెర్నల్ చెప్పడం. హామీ లేదు కాబట్టి గ్రూపులో సగం హోస్ట్‌కి, సగం గెస్ట్‌కి ఇవ్వనివ్వదు. పీసీఐ బ్రిడ్జిలకు మినహాయింపు ఉంది. మిగతావన్నీ వీఎఫ్‌ఐఓ కింద ఉండాలి, లేదా ఏ డ్రైవరూ లేకుండా ఉండాలి.

ఏసీఎస్ ఓవర్‌రైడ్ గ్రూపుల్ని విడదీసినట్టు చూపిస్తుంది, తీగల్ని విడదీయదు. ప్రాక్స్‌మాక్స్ కెర్నల్‌లో ఆ ప్యాచ్ ముందే ఉంది, ‘పీసీఐఈ_ఏసీఎస్_ఓవర్‌రైడ్=డౌన్‌స్ట్రీమ్,మల్టీఫంక్షన్’ అని బూట్ వరుసలో రాస్తే పనిచేస్తుంది. కానీ గెస్ట్‌లో కార్డు చేసే డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా చదవడం, రాయడం), ఐఓఎంఎంయూ దాకా రాకుండా దారి మధ్యలోనే మీ సాటా కంట్రోలర్‌కి తగిలే వీలుంది. మీ డిస్కుల్లో క్లయింట్ల ఫుటేజీ ఉంటుంది. మాకైతే ధైర్యం చాలదు.

ముందు ఇవి చూడండి. కార్డుని ప్రాసెసర్‌కి నేరుగా కలిసే స్లాట్‌లోకి మార్చండి. సాధారణంగా ప్రాసెసర్‌కి దగ్గరగా ఉండే మొదటి పొడవు స్లాట్ అదే, మదర్‌బోర్డు పుస్తకంలో ఏ స్లాట్ చిప్‌సెట్‌దో రాసి ఉంటుంది. చిప్‌సెట్ వెనకున్నవన్నీ ఒకే గ్రూపులో పడటం మామూలు. తర్వాత బయాస్ అప్‌డేట్, అందులో ఏసీఎస్ అనే ఆప్షన్ ఉంటే ఆన్. సాటాకి డిస్కులేవీ తగిలించకుండా ఎన్‌వీఎంఈ మీదే నడుస్తుంటే, బయాస్‌లో సాటాని ఆపెయ్యండి. అక్కడ ఆపేసిన పరికరం హోస్ట్‌కీ గెస్ట్‌కీ కనబడదు, గ్రూపు గొడవే ఉండదు. అన్నిటికన్నా శుభ్రమైన దాపు అదే.

మీ గ్రూపులు చూడటానికి ‘ఫైండ్ /సిస్/కెర్నల్/ఐఓఎంఎంయూ_గ్రూప్స్ -టైప్ ఎల్’. ఏమీ రాకపోతే ఐఓఎంఎంయూ ఆన్‌లో లేనట్టు. బయాస్‌లో ఇంటెల్ అయితే వీటీ-డి ఆన్ చెయ్యాలి (వీటీ-ఎక్స్ వేరు, అది ఒక్కటే చాలదు), ప్రాక్స్‌మాక్స్ కెర్నల్ 6.8 కన్నా పాతదైతే బూట్ వరుసలో ‘ఇంటెల్_ఐఓఎంఎంయూ=ఆన్’ కూడా పెట్టాలి. యూఈఎఫ్‌ఐతో, జడ్‌ఎఫ్‌ఎస్ మీద ఇన్‌స్టాల్ అయిన ప్రాక్స్‌మాక్స్‌లో గ్రబ్ ఫైలు మార్చి ‘ఏమీ జరగడం లేదే’ అని చూస్తుంటారు. సిస్టమ్‌డీ-బూట్‌తో లేచే మెషీన్లలో ఆ వరుస ‘/ఈటీసీ/కెర్నల్/సీఎండీలైన్’లో ఉంటుంది, మార్చాక ‘ప్రాక్స్‌మాక్స్-బూట్-టూల్ రిఫ్రెష్’ కొట్టాలి.

ప్రశ్న: ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 20 సిరీస్ కార్డు ఇచ్చాం. వీఎంలో గ్రాఫిక్స్‌తో పాటు సౌండ్, యూఎస్‌బీ, యూఎస్‌బీ-సీ కంట్రోలర్ కూడా వచ్చాయి, వాటిలో ఒకదానికి డ్రైవర్ లేదు. గ్రాఫిక్స్ ఒక్కటే చూపించవచ్చా? కోడ్ 43 (కార్డు ఆగిపోయిందని డివైస్ మేనేజర్ చూపే ఎర్రర్) రాకుండా హైపర్‌వైజర్‌ని (వీఎంలను నడిపే పొరని) కూడా దాచాలా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చూపించవచ్చు. ఆ సిరీస్‌లో యూఎస్‌బీ-సీ ఉన్న కార్డుల్లో నాలుగు ఫంక్షన్లుంటాయి: .0 గ్రాఫిక్స్, .1 హెచ్‌డీఎంఐ సౌండ్, .2 యూఎస్‌బీ, .3 యూఎస్‌బీ-సీ నియంత్రణ. వీఎం కాన్ఫిగరేషన్‌లో ‘ఆల్ ఫంక్షన్స్’ టిక్ తీసేసి 01:00.0 ఒక్కటే ఇవ్వండి. సౌండ్ కావాలంటే రెండో వరుసగా 01:00.1. అయితే దాచిన .2, .3లను హోస్ట్‌కి వాడుకుందామంటే కుదరదు. నాలుగూ ఒకే గ్రూపు కాబట్టి అన్నీ వీఎఫ్‌ఐఓ చేతిలోనే ఉండాలి. హోస్ట్‌లోని ఎక్స్‌హెచ్‌సీఐ డ్రైవర్ .2ని పట్టుకుని ఉంటే పైన చెప్పిన ‘నాట్ వయబుల్’ ఎర్రరే వస్తుంది. నాలుగు ఐడీలనీ వీఎఫ్‌ఐఓ కాన్ఫ్ ఫైల్లో రాసెయ్యండి. మీ మెషీన్‌లో అలాంటి కార్డు ఒక్కటే ఉంటే ఐడీ పద్ధతే చాలు. అదే ఫైల్లో ‘సాఫ్ట్‌డెప్ నూవో ప్రీ: వీఎఫ్‌ఐఓ-పీసీఐ’ అనీ, నూవో బదులు ఎక్స్‌హెచ్‌సీఐ_పీసీఐ, స్నడ్_హెచ్‌డీఏ_ఇంటెల్‌లతో ఇంకో రెండు వరుసలూ రాస్తే వాటికన్నా ముందు వీఎఫ్‌ఐఓ లేస్తుంది. కెర్నల్ 6.2 నుంచి ‘వీఎఫ్‌ఐఓ_విర్‌క్యూఎఫ్‌డీ’ అనే మాడ్యూల్ విడిగా లేదు. పాత వ్యాసాలు చూసి అది పెట్టి, ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అని వస్తే కంగారుపడకండి.

కోడ్ 43 మాటకొస్తే, ఒకప్పుడు జీఫోర్స్ డ్రైవర్ తాను వీఎంలో ఉన్నానని గమనిస్తే ఆగిపోయేది. అందుకే ‘హిడెన్=1’ పెట్టేవాళ్లు. 2021లో వచ్చిన 465 సిరీస్ డ్రైవర్ నుంచి ఎన్‌విడియా ఆ అడ్డు తీసేసింది. ఇవాళ కోడ్ 43 వస్తే కారణం వేరే చోట వెతకాలి. హోస్ట్ బూట్ తెర ఆ కార్డు మీదే వస్తూ ఉండవచ్చు. ‘డీఎంఈఎస్‌జీ’లో ‘బార్: కాంట్ రిజర్వ్’ అని ఉంటే అదే. బయాస్‌లో మొదటి డిస్‌ప్లేగా ప్రాసెసర్ గ్రాఫిక్స్‌ని ఎంచుకుని, మానిటర్ తీగ మదర్‌బోర్డుకి తగిలించండి.

ప్రశ్న: రెండు సర్వర్ల క్లస్టర్. ఒకదాంట్లో 2021 నాటి జియాన్, ఇంకోదాంట్లో 2014 నాటిది. వీఎం సీపీయూ టైప్ ‘హోస్ట్’ పెట్టాం. కొత్తదాని నుంచి పాతదానికి లైవ్ మైగ్రేట్ చేస్తే (నడుస్తుండగానే తరలిస్తే) వీఎం వెళ్తోంది, కానీ కాసేపటికి ప్రోగ్రాములు ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని కూలిపోతున్నాయి.
— ఐటీ విభాగం, విజయవాడ

జవాబు: ఇక్కడ దాచాల్సింది కార్డుని కాదు, ప్రాసెసర్ నేర్చిన కొత్త విద్యల్ని. కొత్త జియాన్‌కి ఏవీఎక్స్-512 ఉంది, పాతదానికి లేదు. లైనక్స్‌లో జీలిబ్‌సీ లైబ్రరీ, ప్రోగ్రాం మొదలైనప్పుడే ప్రాసెసర్‌ని ఒకసారి అడిగి, మెమరీ కాపీ చేసే ఫంక్షన్‌కి ఏ రూపం వాడాలో తేల్చుకుంటుంది. ఆ తర్వాత మళ్లీ అడగదు. పాత సర్వర్‌కి చేరాక కూడా ఏవీఎక్స్-512 రూపాన్నే పిలుస్తుంది, ప్రాసెసర్‌కి ఆ ఇన్‌స్ట్రక్షన్ తెలియదు, ప్రోగ్రాం చచ్చిపోతుంది. వీఎం వెళ్లిపోవడం చూసి సరే అనుకోవడం వల్లే ఇది దొరకడం కష్టం.

మైగ్రేట్ అయ్యే వీఎంలకు ‘హోస్ట్’ పెట్టకూడదు. రెండు సర్వర్లకూ ఉమ్మడిగా ఉన్న మెట్టు ఎంచుకోండి. ఎక్స్86-64-వీ2-ఏఈఎస్ దాదాపు 2010 తర్వాతి ఇంటెల్ సర్వర్లన్నిటికీ సరిపోతుంది, ప్రాక్స్‌మాక్స్ 8 నుంచి కొత్త వీఎంలకు వెబ్ పేజీ ఇచ్చే డిఫాల్ట్ అదే. వీ3కి ఏవీఎక్స్2 కావాలి, ఇంటెల్‌లో అది 2013 నాటి హాస్వెల్‌తో వచ్చింది. మీ పాత సర్వర్ ప్రాసెసర్ పేరు చివర వీ3 అని ఉంటే హాస్వెల్, మీకు వీ3 మెట్టు సరిపోతుంది. వీ2 అని ఉంటే ఐవీ బ్రిడ్జ్, దానికి ఏవీఎక్స్2 లేదు. రెండు వీ3లూ ఒకటి కాదు, మొదటిది ఇంటెల్ పెట్టిన మోడల్ పేరు, రెండోది ఇన్‌స్ట్రక్షన్ల మెట్టు. ‘ఎల్‌ఎస్‌సీపీయూ’ కొట్టి ఫ్లాగుల్లో ఏవీఎక్స్2 ఉందో లేదో కళ్లతో చూడటం ఉత్తమం. ఇంటెల్, ఏఎండీ సర్వర్ల మధ్య లైవ్ మైగ్రేషన్‌ని మాత్రం ఏ మెట్టు పెట్టినా నమ్ముకోవద్దు, ఆపి తరలించండి.

మరీ కిందికి కూడా దిగకండి. పాత డిఫాల్ట్ కేవీఎం64 పెడితే ఆర్‌హెచ్‌ఈఎల్ (రెడ్ హ్యాట్ లైనక్స్) 9, దాని బంధువులూ బూట్ కూడా కావు, ‘ఫేటల్ జీలిబ్‌సీ ఎర్రర్: సీపీయూ డజ్ నాట్ సపోర్ట్ ఎక్స్86-64-వీ2’ అని నిలిచిపోతాయి. 2025లో వచ్చిన ఆర్‌హెచ్‌ఈఎల్ 10కి వీ3 తప్పనిసరి. ఐవీ బ్రిడ్జ్ సర్వర్లున్నవాళ్లకు అల్మాలైనక్స్ 10 విడిగా వీ2 బిల్డ్ ఇస్తోంది.

విఎంవేర్‌లో ఇదే పని క్లస్టర్ స్థాయిలో ఈవీసీ అనే సెట్టింగ్ చేస్తుంది. హైపర్-వీలో వీఎం ప్రాసెసర్ సెట్టింగుల్లో కంపాటిబిలిటీ టిక్ ఉంటుంది. ఎక్కడైనా సరే వీఎం ఆపి మార్చి స్టార్ట్ చెయ్యాల్సిందే.

ఒకే ఒక్క ఫ్లాగ్ దాచాలనుకునేవాళ్లకు కూడా దారి ఉంది. ‘హోస్ట్’ టైప్‌లో విండోస్ 11 వీఎం నత్తనడక నడవడానికి తరచూ కారణం వీఎంఎక్స్ ఫ్లాగ్. అది కనబడగానే విండోస్ తన లోపల ఇంకో హైపర్‌వైజర్ లేపి కోర్ ఐసొలేషన్ నడుపుతుంది. ‘/ఈటీసీ/పీవీఈ/వర్చువల్-గెస్ట్/సీపీయూ-మోడల్స్.కాన్ఫ్’లో ‘సీపీయూ-మోడల్: నోవీఎంఎక్స్’ అని ఒక వరుస, కింద కొంచెం జరిపి ‘ఫ్లాగ్స్ -వీఎంఎక్స్’, ‘రిపోర్టెడ్-మోడల్ హోస్ట్’ అని రెండు వరుసలు రాయండి. వీఎంకి సీపీయూగా ‘కస్టమ్-నోవీఎంఎక్స్’ ఎంచుకోండి. కోర్ ఐసొలేషన్ ఒక భద్రతా ఏర్పాటు, ఈ మార్పుతో అది ఆగిపోతుందని తెలిసే చెయ్యండి.

ప్రశ్న: విఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ మీద విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్. ట్రేలోని ‘సేఫ్‌లీ రిమూవ్ హార్డ్‌వేర్’లో నెట్‌వర్క్ కార్డు కనబడుతోంది. నిన్న ఎవరో పెన్‌డ్రైవ్ అనుకుని దాన్ని నొక్కారు, 40 మందికి కనెక్షన్ పోయింది.
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వీఎం ఆపి, ఎడిట్ సెట్టింగ్స్‌లో వీఎం ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, ఎడిట్ కాన్ఫిగరేషన్‌లోకి వెళ్లి ‘డివైసెస్.హాట్‌ప్లగ్’ అనే పేరుతో ‘ఫాల్స్’ విలువ చేర్చండి. తర్వాత స్టార్ట్ చేస్తే కార్డు ఆ జాబితాలోంచి పోతుంది. ఇకమీదట నడుస్తున్న వీఎంకి డిస్కు గానీ కార్డు గానీ చేర్చలేరు, ఆపే చేర్చాలి. రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్‌కి అది పెద్ద ఇబ్బంది కాదు.

ప్రశ్న: జెన్ హైపర్‌వైజర్‌లో పరికరాన్ని డోమ్0 (హోస్ట్ పాత్ర పోషించే మొదటి వీఎం) నుంచే దాచాలంటే ఏం రాయాలి? జెన్ మీద నడిచే క్యూబ్స్ ఓఎస్‌లో యూఎస్‌బీ మొత్తం దాచవచ్చని విన్నాను.
— విద్యార్థి, కాకినాడ

జవాబు: జెన్‌లో ఆ పదమే ఉంది. డోమ్0 కెర్నల్ వరుసలో ‘జెన్-పీసీఐబ్యాక్.హైడ్=(02:00.0)’ అని రాస్తే, వేరే డ్రైవర్ ముట్టుకోకముందే పీసీఐబ్యాక్ దాన్ని తీసుకుంటుంది. రెండు పరికరాలుంటే మధ్యలో ఖాళీ లేకుండా రెండు బ్రాకెట్లు పక్కపక్కనే పెట్టండి. పీసీఐబ్యాక్ కెర్నల్‌లో భాగంగా కాక మాడ్యూల్‌గా ఉంటే ఈ వరుస ఆలస్యంగా పనిచేస్తుంది, అలాంటప్పుడు బూట్ అయ్యాక ‘ఎక్స్‌ఎల్ పీసీఐ-అసైనబుల్-యాడ్ 02:00.0’ వాడండి. దాగిందో లేదో ‘ఎక్స్‌ఎల్ పీసీఐ-అసైనబుల్-లిస్ట్’ చెబుతుంది.

క్యూబ్స్‌లో ‘ఆర్‌డీ.క్యూబ్స్.హైడ్_ఆల్_యూఎస్‌బీ’ అనే బూట్ ఆప్షన్ అన్ని యూఎస్‌బీ కంట్రోలర్లనీ డోమ్0 నుంచి దాస్తుంది. పెట్టేముందు మీ కీబోర్డు ఏ దారిలో వస్తోందో చూసుకోండి. డెస్క్‌టాప్‌లో అది దాదాపు ఎప్పుడూ యూఎస్‌బీయే. దాన్నీ దాచేస్తే డిస్క్ పాస్‌వర్డ్ అడిగే తెర దగ్గరే ఆగిపోతారు, టైప్ చెయ్యడానికి ఏమీ ఉండదు. ల్యాప్‌టాప్ లోపలి కీబోర్డులు చాలావరకు పీఎస్/2 దారిలోనే వస్తాయి కాబట్టి అక్కడ ఇబ్బంది ఉండదు. అయినా అనుకోకుండా ఇరుక్కుంటే గ్రబ్ తెర మీద ‘ఈ’ నొక్కి, ఆ ఆప్షన్‌ని ఆ ఒక్క బూట్‌కి చెరిపేసి ఎఫ్10 కొట్టండి. గ్రబ్ దశలో యూఎస్‌బీ కీబోర్డు ఇంకా పనిచేస్తుంది.